తలుపుల్లేని మహలు

ధౌలా కువాన్‌లో ఎవరూ ఆగరు. రింగు రోడ్డు, జైపూర్ వైపు పోయే జాతీయ రహదారి, కంటోన్మెంటు దారి, సర్దార్ పటేల్ మార్గ్ అన్నీ ఇక్కడికొచ్చి కలిసి, వంతెనలెక్కి దిగి, మళ్లీ వేటి దారిన అవి పోతాయి. విమానాశ్రయం నుంచి ఢిల్లీలోకి వెళ్లేవాళ్లంతా ఈ చోటును కారు అద్దంలోంచి చూసినవాళ్లే. దిగి చూసినవాళ్లు తక్కువ.

తెలుగువాళ్లు మాత్రం దిగుతారు. తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో పెట్టిన శ్రీ వెంకటేశ్వర కళాశాల ఇక్కడే ఉంది. ఢిల్లీ పిల్లల నోట్లో అది ‘వెంకీ’. దాని దగ్గరి మెట్రో స్టేషనుకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టారు. రాజమండ్రిలో పుట్టి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు పోయి, రాజ్యాంగ సభలో కూర్చున్న మనిషి. విమానాశ్రయం లైను మీదున్న ధౌలా కువాన్ స్టేషను నుంచి ఆమె పేరున్న స్టేషనుకు 2019లో తెరిచిన పొడవాటి స్కైవాక్ ఉంది. కింద బండ్లు కదలక నిలిచిపోయి ఉంటే, పైన కదిలే పట్టీల మీద నిలబడి సామానుతో సహా హాయిగా దాటిపోవచ్చు.

మా మేనల్లుడు వెంకీలో చదువుతున్నాడు. వాణ్ని చూడ్డానికని వచ్చాను. అయితే నాకున్న పిచ్చి వాడికి తెలుసు. మాది కొలిమిగుండ్ల వైపు. బెలుం గుహలున్న నేల. అక్కడ గోడ బండే, గచ్చు బండే, పైకప్పు బండే, దొడ్డి చుట్టూ ప్రహరీ కూడా నిలబెట్టిన బండే. ఏ ఊరికి పోయినా రాతి ఇండ్ల కోసం సందుల్లో తిరగడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు.

“మామా, ఇక్కడ అడివిలో ఒక రాతి ఇల్లుంది. దయ్యాల కొంపంటారు. పోదామా?” అన్నాడు వాడు.

దాని పేరు మల్చా మహల్. ఫిరోజ్ షా తుగ్లక్ వేటకొచ్చినప్పుడు విడిది చేయడానికి కట్టించుకున్న ఇల్లు, 14వ శతాబ్దానిది. ధౌలా కువాన్ నుంచి సర్దార్ పటేల్ మార్గ్ ఎక్కి కొంత దూరం పోయాక, ఇస్రో భూకేంద్రం వైపు ఒక దారి లోపలికి తిరుగుతుంది. ఆటోవాడు మలుపు దగ్గరే ఆపేశాడు. కోతులున్నాయట, బండి సీటు చింపుతాయట. మేము నడిచాం. అంతవరకూ చెవులు పగలగొట్టిన హారన్ల మోత పది నిమిషాల్లో వెనకబడిపోయింది. రెండు పక్కలా చెట్లు కమ్ముకున్నాయి. ఏ చెట్లా అని చూస్తే మన సర్కారు తుమ్మ! ఇక్కడి వాళ్లు విలాయతీ కీకర్ అంటారు. కొత్త రాజధాని కడుతున్న రోజుల్లో బోడిగా ఉన్న ఈ గుట్టలను పచ్చగా చేయాలని బ్రిటిషువాళ్లు నాటించారు. అది మన చెరువుకట్టల మీద చేసిన పనే ఇక్కడా చేసింది, తక్కిన చెట్లను ఎదగనివ్వలేదు. ఫిరోజ్ షా వేటాడిన అడవి వేరు, మేము నడిచిన అడవి వేరు.

మహలంటే నాకు మొదటినుంచీ కొంచెం అనుమానమే. ఈ ఇంటిని చూశాక ఆ పేరు పెట్టినవాడి చమత్కారాన్ని మెచ్చుకోవాలనిపించింది. ఎత్తైన పీఠం మీద బరువుగా, మొద్దుగా కూర్చున్న బూడిదరంగు కట్టడం. ముఖాన కమానులు. లోపల మందపాటి దిమ్మెల మీంచి లేచిన కమానులే గదులను విడదీస్తాయి, పైకప్పును మోస్తాయి. పూలచెక్కడం లేదు, రంగురాయి లేదు, అక్షరం లేదు. గోడ దగ్గరికి పోయి చేయి పెట్టి చూస్తే అరచేతికి గరుకు తగులుతుంది. ఒక్క రాయికీ సమానమైన ముఖం లేదు. పిడికెడంతవి, తలకాయంతవి, మోయడానికి ఇద్దరు కావలసినవి అన్నీ దొరికిన చోట దొరికినట్టు పేర్చి, సందుల్లో సున్నం నింపేశారు.

“ఇదేంది మామా, చెక్కనే లేదు!” అన్నాడు మేనల్లుడు.

చెక్కలేకపోయారు. ఢిల్లీ గుట్టల్లో ఉన్నది క్వార్ట్‌జైట్. ఆరావళి పర్వతాలు ఉత్తరాన వచ్చి ఆగే కొస ఇది. నూరు కోట్ల ఏళ్లు దాటిన ఇసుకరాయి, భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ గట్టిపడి ఇలా తయారైంది. ఉలి పెడితే ఉలి మొన పోతుంది, సమ్మెటతో కొడితే తనకు ఇష్టమైన చోట పగులుతుంది. మా వైపు నాపరాయి అట్లా కాదు. అది పొరలు పొరలుగా పుట్టిన సున్నపురాయి. గునపం మొన పొర సందున దూర్చి పైకెత్తితే పరుపంత బండ లేచి వస్తుంది. అందుకే బేతంచెర్లలోనూ, తాడిపత్రిలోనూ, మాచర్లలోనూ, కృష్ణ దాటి ఎక్కడో తాండూరులోనూ ఒకరినొకరు చూడని మేస్త్రీలు ఒకే రకం ఇళ్లు కట్టారు. దూలాల మీద బండ పరచడం, సందుల్లో సున్నం దట్టించడం. గది వెడల్పెంతో చెప్పేది కూడా ఆ బండే. ఎంత పొడుగు బండ పగలకుండా లేస్తుందో అంతే గది.

మరి బండ లేవని చోట కప్పు ఎట్లా వేయాలి? కమాను వంచాలి. రాయి చిన్నదైనా, వంకరదైనా, ఒకదానికొకటి ఆనుకుని నిలిచేలా పేర్చి, మధ్యలో సున్నంతో బిగిస్తే చాలు. మల్చాలో కప్పును మోస్తున్నది నిజానికి సున్నమే. ఆ సున్నంలో కలిపే ఇటుకపొడిని ఇక్కడి వాళ్లు సుర్ఖీ అంటారు. బెల్లం, మినప్పప్పు, మారేడు గుజ్జు కూడా కలిపి నానబెట్టడం ఉత్తరాది పద్ధతి. మనవాళ్లు బెల్లంతో పాటు కరక్కాయ వేసి, ఎద్దులను కట్టి గానుగలో తిప్పేవారు. ఆ డంగు సున్నం ఆరడానికి తొందరపడదు, ఏళ్ల తరబడి గాలిని పీల్చుకుంటూ మళ్లీ రాయిగా మారుతుంది. ఈ గోడల పైన ఒకప్పుడు మందంగా సున్నపు పూత కూడా ఉండేది. ఇప్పుడది చాలాచోట్ల రాలిపోయి లోపలి రాళ్లు బయటపడ్డాయి. ఇవాళ మనం ‘రాతి అందం’ అని ఫోటోలు తీసుకునేది, కట్టినవాళ్లు బయటికి కనపడకూడదని కప్పేసిన భాగాన్ని.

ఫిరోజ్ షా 1351 నుంచి 1388 దాకా ఏలాడు. కట్టడాల పిచ్చి ఉన్న సుల్తాను. కాలువలు తవ్వించాడు, పిడుగు పడి దెబ్బతిన్న కుతుబ్ మీనారు పై అంతస్తులు బాగుచేయించాడు, అశోకుని స్తంభాలను తోప్రా నుంచీ మీరట్ నుంచీ ఊడబెరికి ఢిల్లీకి తెప్పించాడు. వేట విడుదులు కూడా ఇదొక్కటే కాదు. కరోల్‌బాగ్ వైపు భూలీ భటియారీ మహల్ ఉంది, ఉత్తరపు గుట్ట మీద పీర్ గాయబ్ ఉంది. అన్నిటిదీ ఇదే వాలకం: కొండరాయి, సున్నం, మందం, వాలు గోడలు. ముందటి సుల్తాను దౌలతాబాదుకు రాజధాని మార్చి, రాగి నాణేలు వేసి ఖజానాను ఏం చేశాడో బడిలో చదువుకున్నదే. అలంకారానికి డబ్బు తక్కువ, కట్టడాలు మాత్రం ఎక్కువ కావాలి. దానికి ఈ పద్ధతి సరిపోయింది.

ఇక్కడ మన తెలుగువాడొకడు వస్తాడు. ఫిరోజ్ షా చరిత్ర రాసిన షమ్స్ సిరాజ్ అఫీఫ్ ఒక మాట రాసిపెట్టాడు. ఏ కట్టడం మొదలుపెట్టాలన్నా దాని నమూనా వజీరు కచేరీకి వెళ్లాలి. అక్కడ పరిశీలించి డబ్బు కేటాయిస్తేనే పని సాగేది. ఆ వజీరు ఖాన్-ఇ-జహాన్ మక్బూల్. ఇంటిపేరు లాగా వెంట వచ్చే మాట తిలంగానీ. 1323లో ఓరుగల్లు పడిపోయాక బందీగా ఢిల్లీకి చేరి, మతం మారి, కొలువులో మెట్టు మెట్టుగా ఎదిగి వజీరయ్యాడు. పూర్వపు పేరు కన్నూ అనీ, ఓరుగల్లు రాజుకు బాగా దగ్గరివాడనీ, చదవడం రాయడం రాకపోయినా మహా తెలివిమంతుడనీ అఫీఫ్ అంటాడు. మారన మార్కండేయ పురాణాన్ని అంకితం తీసుకున్న ప్రతాపరుద్రుని సేనాని గన్నయే ఈ కన్నూ అని చాలామంది చరిత్రకారుల మాట. అదే నిజమైతే, తెలుగులో ఒక పురాణానికి కృతిపతి అయిన మనిషి ఢిల్లీలో పారశీక లెక్కలు చదివించుకుని విన్నాడన్నమాట. సుల్తాను దండయాత్రలకు పోయినప్పుడు ఢిల్లీని నడిపింది ఆయనే.

నల్లరాయిని అద్దంలా నున్నగా చేసి, గుడి కింద గుంతలో ఇసుక పోసి పునాది వేసి, దూలం మీద దూలం పెట్టి కట్టిన ఓరుగల్లు నుంచి వచ్చిన మనిషి. అలాంటివాడు ఈ గరుకు గోడల ఖర్చుకు సరేనన్నప్పుడు ఏమనుకుని ఉంటాడో! మల్చా లెక్క ఆయన కచేరీకి వెళ్లిందని రాసి చూపించే కాగితమేదీ లేదు గానీ, ఆ కాలపు కట్టడం కాబట్టి నా ఊహకు ఆ మాత్రం చోటిచ్చుకున్నాను.

మేనల్లుడు ఈ చరిత్రంతా ఓపికగా విన్నాడు. వాడికి కావలసింది దయ్యం కథ. అదీ ఉంది.

1970లలో విలాయత్ మహల్ అనే ఆవిడ న్యూఢిల్లీ రైల్వే స్టేషన్ మొదటి తరగతి వెయిటింగ్ రూములో మకాం పెట్టింది. కూతురు సకీనా, కొడుకు అలీ రజా, నౌకర్లు, వేటకుక్కలు, తివాచీలతో సహా. తాను అవధ్ నవాబు వాజిద్ అలీ షా వంశపుదాన్ననీ, ఇంగ్లీషువాళ్లు లాక్కున్న ఆస్తులకు బదులు చూపించాలనీ ఆమె పట్టు. ఏళ్ల తరబడి కదల్లేదు. విదేశీ పత్రికలవాళ్లు వచ్చి రాసుకుపోయారు. చివరికి ప్రభుత్వం ఆమెకు ఈ ఇల్లు చూపించింది, 1985లో ఇక్కడికి చేరారు. కరెంటు లేదు, నీళ్లు లేవు. కమానులకు తలుపుల్లేవు. పాములు, నక్కలు, గబ్బిలాలు మాత్రం ముందునుంచే కాపురమున్నాయి. చుట్టూ కంచె వేసి, లోపలికి వస్తే కాల్చేస్తామని బోర్డు పెట్టుకున్నారు. 1993లో విలాయత్ చనిపోయింది. తర్వాత కూతురు. 2017లో కొడుకు ఒంటరిగా పోయాడు. 2019లో న్యూయార్క్ టైమ్స్ విలేకరి ఎలెన్ బారీ వాళ్ల మూలాలు వెతికి రాసింది. నవాబుల వంశమూ కాదు, ఏమీ కాదు. విలాయత్ లక్నో విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రారుగా చేసిన ఒక ఉద్యోగి భార్య. దేశ విభజన తారుమారు చేసిన లెక్కలేనన్ని కుటుంబాల్లో వాళ్లదొకటి.

“అంటే మోసమా?” అన్నాడు మేనల్లుడు.

నేనట్లా అనను. ముప్పై ఏళ్లకు పైగా ఈ గోడల మధ్య చలికీ వానకీ ఓర్చుకున్న మనుషులకు ఆ మాట చాలదు. నాకు పట్టిన సంగతి వేరే ఉంది. వేట విడిది రాత్రికో రెండు రాత్రులకో కట్టిన ఇల్లు. సుల్తాను వస్తే గుడారాలు, తెరలు, దివిటీలు, వంటవాళ్లు, కాపలావాళ్లు వెంట వచ్చేవారు. కమానుకు తెర దించితే గది, తెర ఎత్తితే మండపం. పరివారమే ఆ ఇంటికి తలుపు. ఆ పరివారం లేకుండా ముగ్గురు మనుషులు అదే కప్పు కింద బతకాలంటే, దాన్ని ఇల్లనే హక్కు మనకెక్కడిది? ప్రభుత్వం వాళ్లకు ఇచ్చింది పైకప్పు మాత్రమే.

2023లో ఢిల్లీ పర్యాటక శాఖవాళ్లు దయ్యాల నడకలని మొదలుపెట్టినప్పుడు తొలి మజిలీగా ఈ ఇంటినే ఎంచుకున్నారు. డబ్బు కట్టి భయపడి పోవచ్చు. నాకు ఆ వ్యాపారం నచ్చలేదు.

అసలు మల్చా అన్నది ఊరి పేరు. 1911 దర్బారులో రాజధానిని కలకత్తా నుంచి మారుస్తున్నామని ప్రకటించాక, రైసీనాతో పాటు మల్చా పొలాలనూ భూసేకరణ చట్టం కింద తీసేసుకున్నారు. రైతులు చెదిరిపోయారు. కొందరు సోనీపత్ దగ్గర హర్సానా కలాన్‌లో స్థిరపడ్డారు. వందేళ్ల తర్వాత కూడా పరిహారం కోసం వారసులు కోర్టు మెట్లెక్కారు. ఢిల్లీ చుట్టుపట్ల పాత ఊళ్లలో గుట్టకు దగ్గరైతే కొండరాయితోనూ, యమున ఒండ్రుకు దగ్గరైతే పలచని లఖోరీ ఇటుకతోనూ ఇళ్లు కట్టుకునేవారు. మల్చావాళ్లూ ఈ రాయితోనే కట్టుకుని ఉండాలి. ఆ గోడల్లో ఒక్కటీ మిగల్లేదు. ఊరి పేరు మాత్రం రాయబారుల బంగళాల మధ్య ఒక వీధికి మిగిలింది, అడవిలో ఒక విడిదికి మిగిలింది.

మధ్యాహ్నం తిరిగి ధౌలా కువాన్ వచ్చి స్కైవాక్ మీదుగా దుర్గాబాయి స్టేషనుకు చేరాం. అక్కడ పింక్ లైను ఎక్కితే వచ్చే స్టేషను పేరు సర్ విశ్వేశ్వరయ్య మోతీబాగ్. మూసీ వరదల తర్వాత హైదరాబాదుకు జలాశయాలు సూచించిన ఇంజనీరు, పూర్వీకులది మన మోక్షగుండం. ఈ లైను మన కోసమే వేశారా అని మేనల్లుడు నవ్వాడు. అదే రైల్లో సరాయ్ కాలేఖాన్ నిజాముద్దీన్ దాకా పోయి, అక్కడ ఆటో ఎక్కి నిజాముద్దీన్ బస్తీలో దిగాం. ఢిల్లీలో పొద్దుటి రాయిని చూశాక, సాయంత్రం చూడాల్సింది తిలంగానీ సమాధి అని నేనే పట్టుబట్టాను.

దర్గా సందడి దాటి, కోట్ అని పిలిచే పాత ప్రాకారంలోకి దూరితే, ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు పక్కకు తిరగాల్సినంత ఇరుకు సందులు. దారి అడిగితే “ఏ గుంబద్?” అని ఎదురడిగారు. ఇళ్ల మధ్యలోంచి తలెత్తిన గుమ్మటం కనిపించాక దారి అడగనక్కర్లేకపోయింది. 1368-69 ప్రాంతంలో మక్బూల్ పోయాక కొడుకు జూనాన్ షా కట్టించిన సమాధి ఇది. ఆ కొడుకూ ఖాన్-ఇ-జహాన్ బిరుదుతో వజీరయ్యాడు. ఈ బస్తీలోనే కలాన్ మసీదు, దక్షిణాన ఖిర్కీ మసీదు అతను కట్టించినవే.

ఢిల్లీలో ఎనిమిది భుజాల సమాధి ఇదే మొదటిదంటారు. అంతకుముందు ఎక్కువగా చదరపు గది మీద గుమ్మటం పెట్టేవారు. ఇక్కడ ఎనిమిది భుజాల గది, దాని చుట్టూ తిరిగి వచ్చేందుకు వసారా, వసారాకు ఒక్కో పక్కన మూడేసి కమానులు, వాటి మీద రాతి చూరు. గర్భాలయం చుట్టూ ప్రదక్షిణ పథం చూసి పెరిగిన కళ్లకు ఆ వసారా కొత్త కాదు. అది ఓరుగల్లు జ్ఞాపకమేనని నేను పందెం కాయను, పోలిక తట్టిందని మాత్రం చెప్తాను. లోధీ తోటలోని ముహమ్మద్ షా సయ్యద్ సమాధి, 1547 నాటి ఈసా ఖాన్ సమాధి ఈ నమూనా వెంటే నడిచాయి. చదువు రాని ఒక తెలుగువాడి సమాధి నుంచి దాదాపు రెండు వందల ఏళ్లపాటు ఢిల్లీ మేస్త్రీలు పాఠం చదువుకున్నారు.

ఇప్పుడు ఆ వసారాలో కుటుంబాలున్నాయి. కమానుల్లో ఇటుకలు పేర్చి, మధ్యలో రేకు తలుపు బిగించి, పక్కన కరెంటు మీటరు పెట్టుకున్నారు. చూరు కింద తాడు మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. ఒక తలుపు ముందు మంచం మీద కూర్చున్న పెద్దాయన, మేము పైకి చూస్తుంటే, “లోపలికి రండి భాయీసాబ్, ఎండలో ఎందుకు” అన్నాడు. లోపల చల్లగా ఉంది. పాత కమానులో గూటిని పెద్దది చేసి టీవీ పెట్టారు. గోడకు పెట్టిన మేకులకు సంచులు వేలాడుతున్నాయి. ఫ్యాను లేకుండానే మే నెల గడుపుతామని ఆయన గర్వంగా చెప్పాడు. వానాకాలమే ఇబ్బందట. పైనుంచి కారుతుందట. మూడుసార్లు సిమెంటు పూయించాడట, మూడోసారి పూశాక ఇంకా ఎక్కువ కారిందట.

కారక ఏమవుతుంది? సున్నపు గోడ తడిని పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పొర వేస్తే లోపలికి పోయిన నీళ్లు బయటికి రాలేక రాతిని తింటాయి. రోడ్డుకు అవతల హుమాయూన్ సమాధిని ఆగాఖాన్ ట్రస్టు 2013 నాటికి బాగుచేసింది. దాని పైకప్పు మీంచి 10 లక్షల కిలోల సిమెంటు కాంక్రీటును తవ్వి తీశామని వాళ్లు చెప్పుకున్నారు. తర్వాత పాత పద్ధతిలో సున్నం వేశారు.

సమాధుల్లో కాపురాలు ఖాళీ చేయించాలనేవాళ్లున్నారు. వాళ్ల వాదన నాకు తెలుసు: మేకులు, ఇటుకలు, పొగ, కన్నాలు. అన్నీ నిజమే. కానీ పొద్దున చూసిన ఇంట్లో మనుషులు లేరు, ఇక్కడ ఉన్నారు. కారుతోందని బాధపడేవాడు, తెలిసో తెలియకో ఏదో ఒకటి పూసేవాడు ఇక్కడే ఉన్నాడు. వాణ్ని పంపించేయడం కంటే వాడి చేతిలో సిమెంటు బస్తా తీసి సున్నం బుట్ట పెట్టడం తేలిక అనిపించింది.

ఆ మాటే నాకొచ్చిన హిందీలో పెద్దాయనకు చెప్పాను. సున్నం వేసే మేస్త్రీలు మథురా రోడ్డు దాటితే ఉంటారు, అడిగి చూడండి అన్నాను.

“వాళ్లు బాద్షాల ఇళ్లకు వేస్తారు” అన్నాడాయన. “నాది ఒక్క గది.”

ఇది వజీరు గది అని మేనల్లుడు చెప్పబోయాడు. ఆయన వినిపించుకోలేదు. సున్నం బస్తా ఎంతుంటుందో మమ్మల్ని అడిగాడు. మేస్త్రీ కూలి రోజుకెంతో అడిగాడు. ఆరడానికి ఎన్నాళ్లని అడిగాడు. వానలకు ముందే ఆరాలంటే ఎప్పుడు మొదలుపెట్టాలో వేళ్ల మీద లెక్కేసుకుంటుంటే, లోపలినుంచి ఆయన కోడలు, ముందు పక్క గదిలో అద్దెకున్నవాణ్ని సగం ఖర్చు పెట్టుకోమనండి, వాడి నెత్తి మీద కూడా కదా కారేది అని కేకేసింది.